చూడని ఆటకి ఎండుటాకులు

అందరూ వచ్చారా? వెనకున్నవాళ్ళు ముందుకి జరగండర్రా. ఆ గోడకి ఆనుకోకండి, సున్నం అంటుకుంటే మీ అమ్మలు నన్నడుగుతారు. మఠం వేసుక్కూర్చోండి. చివరిదాకా వినే ఓపిక ఉన్నవాళ్ళే ఉండండి. సగంలో లేచి "ఈ కథ మాకు తెలుసు" అనేవాళ్ళకైతే ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఇది వాళ్ళ కథే.

ఉసిరిగట్టు అని ఒక కొండ ఉండేది. దానికి ఒక పక్క అడవి, ఇంకో పక్క ఊరి చేలు. అందుకని అడవి జంతువులూ ఊరి పశువులూ అక్కడ కలిసే తిరిగేవి, కలిసే కబుర్లాడుకునేవి. ఆ కొండకి తూర్పు వాకిలితో ఒక గుహ ఉంది. దాని పడమటి గోడలో నిలువునా ఒక సన్నని చీలిక. పొద్దు వాలే వేళకి గుహంతా చీకటైపోయి, ఆ ఒక్క చీలికలోంచి మాత్రం ఎండ బద్దలా లోపలికి దిగేది. ఆ వెలుగుకి అడ్డంగా ఒక తెల్లగుడ్డ కట్టి, గుడ్డ వెనక బొమ్మలాడించవచ్చని మొదట కనిపెట్టింది గవరయ్య అనే గిజిగాడు.

గూడల్లడంలో గవరయ్యని మించినవాడు ఆ కొండ మీద లేడు. ఊళ్ళో మనుషులు బొమ్మలు తోలుతో చేస్తారట. ఆ మాటెత్తితే మాలచ్చి గేదె లేచి వెళ్ళిపోయేది. అందుకని గవరయ్య మోదుగాకులు కత్తిరించి, ఈతనారతో కుట్టి, వెదురుపుల్లలకి కట్టేవాడు. గాలికి చాకిరేవు మీంచి కొట్టుకొచ్చిన పాత పంచె ఒకటి తెరగా కట్టేవాడు. ఎండ ఉన్నంతసేపే ఆట. ఎండ పోతే ఆట సరి.

కిందటేడు ఆ తెర మీద 'కుందేలు కాపురం' ఆడించాడు. ఒక మగకుందేలు, పెళ్ళాం, అత్తగారు, ఆరుగురు పిల్లలు. అంతమందికీ ఒక్కటే బొరియ. మగకుందేలు నీళ్ళకడవ నెత్తిన పెట్టుకుని ఇంటికొస్తూ బురదలో మూడుసార్లు జారిపడతాడు. మూడోసారి కడవలో తల ఇరుక్కుపోతుంది. కడవతోనే ఇంటికొస్తే ఎవరో దొంగ వచ్చాడనుకుని అత్తగారు చీపురు తిరగేస్తుంది. అంతే కథ. అయితే గుహలో నవ్వని ప్రాణి లేదు. మాలచ్చి గేదెకి నవ్వి నవ్వి ఎక్కిళ్ళొచ్చాయి.

ఆ గుహ గవరయ్యది కాదు. కొండ మీద గుహలన్నిటికీ పెద్ద బుచ్చన్న అనే ముసలి ఎలుగుబంటి. చీకట్లో కూర్చుంటే నిద్రపోతానని బుచ్చన్న ఎప్పుడూ ఆట చూసేవాడు కాదు, వాకిట్లో బండ మీద కూర్చునేవాడు. ఆట అయ్యాక చూసినవాళ్ళు ఒక్కొక్కరూ ఒక ఆకు తెచ్చి ఆయన ముందు వెయ్యాలి. నచ్చితే పచ్చాకు, నచ్చకపోతే ఎండుటాకు. పచ్చాకులు ఎక్కువైతే గుహ ఇంకో ఏడాది ఆటకే. ఎండుటాకులు ఎక్కువైతే గుహ ఖాళీ చెయ్యాలి, ముందు అడిగినవాళ్ళకి ఇచ్చేస్తారు. అదీ కట్టుబాటు. కిందటేడు బుచ్చన్న ముందు పడినవన్నీ పచ్చాకులే.

అక్కడినుంచి మొదలైంది గవరయ్యకి గండం. "రెండో భాగం ఎప్పుడు?" అని కొండంతా ఒకటే పోరు. వాగులో ముక్కు కడుక్కుంటే అదే ప్రశ్న, రెమ్మ మీద కునుకు తీస్తే అదే ప్రశ్న. పోనీ అడిగి ఊరుకున్నారా అంటే అదీ లేదు. కొండడనే కోతి వచ్చి, రెండోది అచ్చం మొదటిదానిలాగే ఉండాలి, ఒక్క వెంట్రుక తేడా వచ్చినా ఊరుకోనన్నాడు. అతని వెనకే మాలచ్చి వచ్చి, మొదటిదానిలా ఉంటే మళ్ళీ ఎందుకు నాయనా, కొత్తగా ఉండాలంది. పుల్లమ్మ అనే కోడి వచ్చి, పిల్లలు చూసే ఆటలో తండ్రి అన్నిసార్లు పడితే మర్యాదేముంటుంది, పడకుండా నవ్వించమంది. గవరయ్య అందరికీ తలూపాడు. తలూపడం తప్ప ఏం చేస్తాడు, కుడితిలో పడ్డ ఎలుకైపోయాడు.

నాలుగు నెలలు కూర్చుని కుట్టాడు. ఈసారి కుందేలింటికి ఒక ముళ్ళపంది చుట్టపుచూపుగా వస్తాడు. చూస్తే మంచివాడు, మర్యాదస్తుడు. కాని ఆ ఇరుకు బొరియలో ఎటు తిరిగినా ఎవరో ఒకరికి ముల్లు దిగుతుంది. వెళ్ళమనడానికి కుందేలుకి మొహమాటం, వెళ్ళొస్తాననడానికి ముళ్ళపందికి మొహమాటం. ఒక్కొక్క ముల్లూ విడిగా కదిలేలా ఆ బొమ్మ కుట్టేసరికి గవరయ్య ముక్కు అరిగింది. కుడుతూ కుడుతూ తనే నవ్వుకునేవాడు. ఇది ఆడి చూపించాలి, చూసి జనం నవ్వాలి. అతనికి ఇంకో కోరిక లేదు. ఆ చీలికా ఆ ఎండా ఉన్న చోటు కొండ మొత్తానికి ఆ ఒక్కటే. గుహ పోతే ముళ్ళపంది మూటలోనే ఎండి పొడైపోతాడు.

సరిగ్గా అప్పుడే నాంచారయ్యకి ఆ గుహ మీద కన్నుపడింది. నాంచారయ్య నక్క. వానలు రాబోతున్నాయి, అతని బొరియ పల్లంలో ఉంది. గుహేమో మెరకలో, పొడిగా. ముందుగా వెళ్ళి బుచ్చన్న చెవిన వేశాడు, ఒకవేళ ఖాళీ అయితే నన్ను గుర్తుంచుకో తాతా అని. ఖాళీ ఎలా చేయించాలో మాత్రం తన కడుపులోనే దాచుకున్నాడు.

అతను అబద్ధం ఆడలేదు. అదే అతని తెలివి. ఆటకి పదిరోజుల ముందునుంచీ కొండంతా తిరిగి నిట్టూర్చాడు, అంతే. పుల్లమ్మ ఎదురైతే నిలబడి, ఆకాశంకేసి చూసి, ఊపిరి వదిలాడు.

"ఏమైంది అన్నయ్యా?" అంది పుల్లమ్మ.

"నేనేమీ అనను చెల్లెమ్మా. మొదటిది చూసిన కళ్ళతో ఇది చూడాలంటే బాధగా ఉంది."

"చూశావా?"

"చూడాలా? రెండో కాపు మామిడి ఎప్పుడైనా మొదటి కాపంత ఉందా?"

పుల్లమ్మకి అందులో న్యాయం కనిపించింది. మామిడికీ ఆటకీ ఏం సంబంధమో ఆమెకి తట్టలేదు. సాయంత్రానికల్లా రెండో ఆట బాగాలేదట అని పది చెట్లకి చెప్పింది. మర్నాటికి 'అట' పోయింది. రెండో ఆట బాగాలేదు, అంతే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇంకో వింత కూడా జరిగింది. రెండో ఆట చిక్కిపోతున్న కొద్దీ మొదటి ఆట బలిసింది. కుందేలు మూడుసార్లు పడ్డాడు కదా, కొండడి నోట అది ఏడుసార్లయింది. పుల్లమ్మ నోట అతను పడింది బురదలో కాదు, ఏట్లో. ఏట్లో మొసలి కూడా ఉంది. మొసలి కడవ మింగేసింది. గవరయ్య చెట్టు మీంచి ఇదంతా వింటూ, అమ్మా, నా ఆటలో మొసలి లేదమ్మా అని చెప్పబోయాడు. పుల్లమ్మ జాలిగా చూసి, నీకు గుర్తులేదు నాయనా, చూసినవాళ్ళం మాకు గుర్తుంటుంది అంది. గవరయ్య కొమ్మకేసి ముక్కు నాలుగుసార్లు కొట్టుకున్నాడు. నొప్పి పుట్టింది తప్ప ప్రాణానికి హాయి కలగలేదు.

ఆట రోజు రానే వచ్చింది. గుహ వాకిట్లో జనం బారులు తీరారు. నాంచారయ్య పొద్దున్నే లేచి అక్కడ ఒక కుప్ప పోసి పెట్టాడు. ఎండుటాకుల కుప్ప. ఆట అయ్యాక చీకట్లో పడి ఆకుల కోసం ఎక్కడ వెతుక్కుంటారు, ముసలీ ముతకా ఉన్నారు, లోపలికి వెళ్తూనే తలా ఒకటి పట్టుకుపోండి అని ఒక్కొక్కరికీ మర్యాదగా అందించాడు. వేసవి చివర, చుట్టుపక్కల పచ్చాకు కావాలంటే వాగు దాకా నడవాలి. ఎంత మంచివాడమ్మా అనుకుంటూ అందరూ అందుకున్నారు. కొండడు తోకకి చుట్టుకున్నాడు. మాలచ్చి నోట కరుచుకుంది.

ఒక్క రాములప్ప మాత్రం తీసుకోలేదు. రాములప్ప ముసలి ఎద్దు. పాతికేళ్ళు కాడి మోసి ఇప్పుడు కొండ కింద మేస్తున్నాడు. అతను కుప్పకేసి చూసి, నాంచారయ్యకేసి చూసి, "తిన్నాక కదయ్యా రుచి చెప్పేది" అని మెల్లగా లోపలికి నడిచాడు.

గవరయ్య ఇదంతా తెర పక్కనుంచి చూశాడు. చీకట్లో వరసగా కూర్చున్నారు జనం. ప్రతి నోట్లోనూ, ప్రతి కాలి కిందా ఒక ఎండుటాకు. ఇంకా తెర మీద ఒక్క బొమ్మ లేవలేదు. నాలుగు నెలల పని మీద తీర్పు అప్పుడే అయిపోయింది. అతనికి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఇప్పుడు ముళ్ళపందిని వీళ్ళ ముందుకి తేవడమెందుకు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు?

అతని పక్కన రెండు మూటలున్నాయి. ఒకటి కొత్తది, గిజిగాడి ముడి బిగించి ఉంది. ఆ ముడి గిజిగాడు తప్ప ఇంకొకరు వేయలేరు, విప్పలేరు. రెండోది కిందటేటి పాత మూట, బొమ్మలు వాడిపోయినా ఆడతాయి. గవరయ్య కాసేపు రెంటికేసీ చూశాడు. కొత్త మూట తీసి వెనక్కి పెట్టాడు. పాత మూట విప్పాడు.

ఎండ చీలికలోంచి దిగింది. తెర మీద మగకుందేలు నీళ్ళకడవతో బయల్దేరాడు. అదే కుందేలు, అదే కడవ, అదే బురద. ఒక్క మాట తేడా లేకుండా కిందటేటి 'కుందేలు కాపురం' మొదటినుంచి చివరిదాకా ఆడించాడు.

గుహలో ఎవరూ నోరు మూసుకోలేదు. మొదటిసారి కుందేలు పడగానే కొండడు, ఇదేం పడడం, మొదటి ఆటలో పడితే పడినట్టుండేదన్నాడు. మొసలి ఎప్పుడొస్తుందని పుల్లమ్మ పక్కవాళ్ళని అడుగుతూనే ఉంది. కడవ తలకి ఇరుక్కున్నప్పుడు మాలచ్చికి కడుపులో నవ్వు కదిలింది. కాని నోట్లో ఆకుంది, నవ్వితే పడిపోతుంది. అందుకని బిగబట్టింది. నాంచారయ్య తెరకేసి చూడనే లేదు. గుహ ఎంత పొడుగు, ఎంత వెడల్పు, ఎక్కడ పడుకోవాలి అని గోడల వెంట చూసుకున్నాడు. రాములప్ప ఒక్కడే పొట్ట కదిలేలా నవ్వాడు. అత్తగారు చీపురు తిరగేసినప్పుడైతే అతని మెడలో గంట ఖంగున మోగింది. చుట్టుపక్కలవాళ్ళు తిరిగి కళ్ళెర్రజేశారు.

ఆట అయిపోయింది. అందరూ బయటికొచ్చి బుచ్చన్న ముందు ఎండుటాకులు గలగలా రాల్చారు. కుప్ప కదిలి వాకిట్లోంచి బండ దగ్గరికి వచ్చినట్టుంది. రాములప్ప మాత్రం ఆకు వెయ్యలేదు. పచ్చాకు కోసం వాగుకేసి నడిచి వెళ్ళాడు. అతని నడక అందరికీ తెలుసు కదా, పోయి రావడానికి పొద్దుపోతుంది.

"ఆ ఒక్క ఆకు కోసం ఎందుకు తాతా ఆగడం?" అన్నాడు నాంచారయ్య. "లెక్క కళ్ళెదుటే ఉంది. తీర్పు చెప్పెయ్యి."

బుచ్చన్న గడ్డం గోక్కున్నాడు. అప్పుడు గవరయ్య వచ్చి ఆయన ముందు వాలాడు.

"గుహ వదలమంటే వదులుతాను తాతా. నాదొక్క మనవి. ఈ ఆటలో లోపమేమిటో, కిందటేటి ఆటలో గొప్పేమిటో వీళ్ళనే చెప్పమను. నేర్చుకుంటాను."

అడగడమే తరువాయి. కోడిగుడ్డుకి ఈకలు పీకడం మొదలైంది. అందులో ముందు కూర్చున్నది కోడే. మొసలి లేని ఆట ఒక ఆటేనా అంది. కొండడు, కిందటేడు కడవ గుండ్రంగా ఉండేది, ఈ కడవ వంకరగా ఉందన్నాడు. ఆ అత్తగారు వేరు, ఈ అత్తగారికి ఆ కళ లేదంది మాలచ్చి. పాపం కుందేలు కూడా మనసుపెట్టి పడలేదని వెనకనుంచి ఎవరో అన్నారు. గవరయ్య అన్నిటికీ తలూపాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ముక్కుతో రెక్క కింద గోక్కున్నాడు. దూరపు కొండలు నునుపంటారు. కాని ఇక్కడ దూరపు కొండా, కాళ్ళ కింది కొండా ఒకటే.

నాంచారయ్య అందరి మాటలూ అయ్యేదాకా ఆగి, గొంతు సవరించుకున్నాడు. గెలుపు ఖాయమైనప్పుడు నలుగురిలో పెద్దమనిషి అనిపించుకోవాలని ఎవరికి ఉండదు?

"నాకు గవరయ్య మీద పగ లేదు తాతా. కిందటేటి ఆట ఆణిముత్యం. అలాంటిది మళ్ళీ ఆడించి ఉంటే నేనే వాగు దాకా పరిగెత్తి పచ్చాకు తెచ్చేవాణ్ణి. నలుగురి ముందూ చెబుతున్నాను. ఈరోజు ఆ ఆటే ఆడి ఉంటే ఈ గుహ నాకొద్దు. జన్మలో ఈ వాకిలి తొక్కను."

"అంతమాట ఎందుకులే" అన్నాడు బుచ్చన్న.

"మాటంటే మాటే."

ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే రాములప్ప వచ్చాడు. నోట్లో వాగు ఒడ్డు కానుగాకు, ఇంకా తడి ఆరలేదు. దాన్ని బుచ్చన్న ముందు పెట్టి, ఆయాసం తీర్చుకుని, గవరయ్య వైపు తిరిగాడు.

"బాగుంది నాయనా. కిందటేడు ఎక్కడ నవ్వానో ఈ ఏడూ అక్కడే నవ్వాను. అయితే ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. రెండో భాగం అన్నావు కదా. మళ్ళీ పాతదే వేశావేం?"

వాకిట్లో అందరి మెడలూ ఒక్కసారి గవరయ్య వైపు తిరిగాయి.

"ముసలాడికి మతి పోయింది" అన్నాడు నాంచారయ్య. గొంతు మాత్రం మునపటిలా లేదు.

గవరయ్య లోపలికి ఎగిరి, కొత్త మూటని ఈడ్చుకుంటూ తెచ్చాడు. బుచ్చన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, ముడి గోరుతో పీకి చూశాడు, రాలేదు. పంటితో లాగి చూశాడు, రాలేదు. గవరయ్య ముక్కుతో మూడు పోగులు తప్పించగానే అది విడిపోయింది. బండ మీద ముళ్ళపంది పడ్డాడు, ముళ్ళన్నీ విడివిడిగా వణుకుతూ. వాడి పెట్టె, వాడి చేతికర్ర, ముళ్ళు దిగి గెంతుతున్న కుందేలు పిల్లలు, ఎవరూ ఎప్పుడూ చూడని బొమ్మలు నలభై దాకా పడ్డాయి.

"ఇదీ రెండో భాగం" అన్నాడు గవరయ్య. "దీన్నింకా ఎవరూ చూడలేదు. మీరు ఎండుటాకులు వేసింది ఆణిముత్యానికి."

అప్పుడేమైనా సిగ్గుపడ్డారనుకున్నారా? కొండడు ముందుగా తేరుకుని, అందుకే కొత్తదనం లేదన్నాను, నేను మొదటే పట్టేశానన్నాడు. మాలచ్చి, నోట్లో ఆకుంది కాబట్టి సరిపోయింది గాని నవ్వొచ్చిందని ఒప్పుకుంది. పుల్లమ్మ మాత్రం, అయితే మొసలి ఏమైందని అడిగింది. గవరయ్య కళ్ళు మూసుకున్నాడు.

బుచ్చన్న నవ్వలేదు. లేచి నాంచారయ్య ముందుకి వెళ్ళి నిలబడ్డాడు.

"ఈ వాకిలి జన్మలో తొక్కనన్నావు. నలుగురూ విన్నారు. ఈ ఆకులు చూసి వేసినవి కావు, లెక్కకి రావు. వెళ్ళేముందు ఈ చెత్త నువ్వు పోసిందే కాబట్టి నువ్వే ఎత్తుకుపో. ఇక మీదట ఆకులు ఆట అయ్యాకే. లోపలికి ఆకుతో వెళ్ళినవాడు బయటే ఉంటాడు."

ఎండుటాకులు నోటితో కరుచుకుని, పల్లంలో ఉన్న తన బొరియ దాకా నాంచారయ్య తొమ్మిదిసార్లు తిరిగాడు. మింగలేక కక్కలేక అంటారే, అలా. పదోసారి తిరిగేసరికి తొలకరి చినుకులు మొదలయ్యాయి.

వాన రెండు రోజులు కురిసి వెలిసింది. మూడోనాడు ఎండ కాసింది. ఖాళీ నోళ్ళతో, ఖాళీ చేతులతో అందరూ వెళ్ళి కూర్చున్నారు. చీలికలోంచి వెలుగు దిగింది, ముళ్ళపంది పెట్టె పట్టుకుని కుందేలింటి తలుపు కొట్టాడు. మొదటి ముల్లు అత్తగారికి దిగింది. చీకట్లో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. ఆ తర్వాత ఎవరి నవ్వు ఎవరిదో తెలియలేదు.

ఆట అయ్యాక బుచ్చన్న ముందు పడిన ఆకుల్లో పచ్చవే ఎక్కువ. ఎండినవీ లేకపోలేదు. వాటిలో ఒకటి మాలచ్చిది. ఆమె గవరయ్య దగ్గరికొచ్చి, "ఏమీ అనుకోకు నాయనా. పూర్తిగా చూశాను. నవ్వాను కూడా. కాని నాకు ఆ కడవే బాగుంది" అంది.

గవరయ్యకి కోపం రాలేదు. అదేమిటో అతనికే ఆశ్చర్యమనిపించింది. ఆమె ఎండుటాకుని జాగ్రత్తగా తీసుకుని, పచ్చాకులతో పాటే తన గూటికి పట్టుకుపోయాడు. చూసినవాళ్ళ ఆకు అది, దాచుకోదగ్గదే అనుకున్నాడు. గూటిలో చేరి రెక్కలు ముడుచుకుని కళ్ళు మూసుకోబోతుంటే కింద కొమ్మ ఊగింది. కొండడు.

"గవరయ్యా, మూడో భాగం ఎప్పుడు? అచ్చం రెండోదానిలా ఉండాలి సుమా."

చూడకముందే తీర్పు చెప్పేవాడికి ఆణిముత్యం చేతిలో పెట్టినా ఎండుటాకే కనిపిస్తుంది.

సరే, ఇక లేవండర్రా, గుడ్డలు దులుపుకోండి. వంటింట్లోంచి పిలుపులు వినిపిస్తున్నాయి. ఇంటికి పోయి కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చోండి. కూర నోట్లో పెట్టకుండా బాగాలేదన్నవాడి సంగతి రేపు బళ్ళో చూస్తాను.